ఎరుగని నీటిమీద కుటుంబముతో



చెరువు గట్టున పెరిగిన ప్రతివానికి తన ఊరి చెరువు తెలియును. ఏ రేవున దిగవలెనో, తూము దగ్గర నీరు ఎక్కడ లాగునో, వేసవిలో కొరమేను ఏ తుంగలో దాగునో వానికి ఎవరును చెప్పనక్కరలేదు. అయితే అదే మనుష్యుడు ఆమడ దూరమున నున్న వేరొక చెరువు గట్టున నిలిచినప్పుడు అతని తెలివి ఎంత పనికివచ్చును? తన వెంట భార్యయు పిల్లలును ఉన్నయెడల అతడు ఎట్లు నడచుకొనవలెను? ఈ నెల మన పాఠము దీనిని గూర్చియే.

ఈ పాఠమును నేను ఒక జలాశయముమీద, కొంత భయపడి నేర్చుకొంటిని. 2023 ఏప్రిల్ నెలలో మా అక్కయు బావగారును టిక్కెట్టు పంపి నన్ను అమెరికా దేశములోని టెక్సస్ రాష్ట్రమునకు పిలిపించుకొనిరి. వారు డల్లాసు నగరము చెంత కాపురమున్నారు. ఆ ప్రాంతమున మన తెలుగు కుటుంబములు వేలకొలది గలవు. బావగారు గోదావరి కాలువ గట్టున గాలము వేయుచు పెరిగినవారు. అక్కడికి పోయిన తరువాత ఆయన బాస్ అను చేపను పట్టుటలో చేయి తిరిగినవారైరి. ఇంటి దగ్గరి జలాశయములో ఆయన ఎరుగని మూల లేదు. ఆ సంగతి ఆయనకును బాగుగా తెలియును. ఆపద అక్కడనే ఆరంభమైనది.

1. బాస్ అనగా ఏ చేప?

బాస్ ఉత్తర అమెరికా ఖండపు మంచినీటి చేప. సముద్రములో అదే పేరుగల చేపలున్నను వానితో దీనికి దగ్గర చుట్టరికము లేదు. ఇందులో పెద్దనోటి బాస్ అనునది మిక్కిలి ప్రసిద్ధమైనది. దాని దవడ కంటిని దాటి వెనుకకు పోవును. ఒడలు పచ్చగా నుండి ప్రక్కన నల్లని చార యుండును. మన కొరమేను వలె ఇదియు పొంచియుండి వేటాడునదే. నాచు ప్రక్కను, పడిపోయిన చెట్టు క్రిందను, మోడు నీడను కదలక నిలిచి, ఎదుటికి వచ్చిన చిన్న చేపను ఒక్క గుక్కలో మ్రింగును.

కొరమేనుతో దీనికి ఇంకొక పోలిక గలదు. ఎర్రని గుంపుగా తేలు పిల్లలను కొరమేను కాచుట మన పల్లెవారందరు చూచినదే. బాస్ చేపలలో ఆ పని మగదానిది. నీటి వేడి 60 నుండి 75 ఫారన్‌హీట్ డిగ్రీలకు, అనగా సుమారు 16 నుండి 24 సెల్సియస్ డిగ్రీలకు వచ్చినప్పుడు, మగచేప లోతు తక్కువగానున్న చోట తోకతో అడుగును ఊడ్చి గూడు చేయును. ఆడుచేప గ్రుడ్లు పెట్టి వెళ్ళిపోవును. మగచేప అచ్చటనే నిలిచి గ్రుడ్లను, తరువాత పిల్లలను కావలికాయును. నోరులేని జీవి తన ఇంటివారికొరకు చేయుపని ఇది.

ఈ చేపను గాలముతో పట్టుట ఆ దేశమున గొప్ప వేడుక. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రములో జార్జి పెర్రీ అను రైతు 22 పౌనుల 4 ఔన్సుల బాసును పట్టెను. అది మన లెక్కకు 10 కిలోలకు పైమాట. డెబ్బది ఏడు సంవత్సరములవరకు దానికి సాటి రాలేదు. 2009 జులై 2న జపాను దేశపు బీవా సరస్సులో మనాబు కురితా అనునతడు పట్టిన చేప దానితో సమానముగా లెక్కింపబడినది.

2. మొదటి ప్రయాణము

డల్లాసుకు తూర్పుగా లేక్ ఫోర్క్ అను జలాశయము గలదు. సబీను నదిలో కలియు ఒక వాగుకు 1980లో ఆనకట్ట ముగించి దీనిని నింపిరి. విస్తీర్ణము సుమారు 27,000 ఎకరములు. టెక్సస్ రాష్ట్రమంతటిలో పట్టుబడిన బాసులలో అతి పెద్దది, 18.18 పౌనులది, 1992 జనవరిలో ఇక్కడనే పట్టుబడినది. నీరు నింపునప్పుడు అక్కడి అడవిని చాలవరకు నరకక చేపల ఆశ్రయముకొరకు విడిచిపెట్టిరి. ఆ చెట్లు చచ్చి మోడులై నేటికిని నీటిలో నిలిచియున్నవి. కొన్ని పైకి కనబడును. కొన్ని జానెడు లోతున దాగియుండును. అందువలన పడవలు పోవుటకు దారులు ఏర్పరచి గుర్తులు పెట్టిరి.

బావగారు ఆ జలాశయమునకు అంతకుముందు ఎన్నడును పోలేదు. నేను వచ్చితినని సంతోషించి, అక్కను, పండ్రెండేండ్ల మేనల్లుని, ఎనిమిదేండ్ల మేనకోడలిని వెంటబెట్టుకొని ఒక శనివారము బయలుదేరదీసిరి. అక్కడ ఒక మోటారు పడవను అద్దెకు తీసికొంటిమి. పడవ ఇచ్చినవాడు పటము చూపబోగా బావగారు చేయి ఊపి, మాతో తెలుగున ఇట్లనిరి: "నీళ్ళు ఎక్కడైనా నీళ్ళే, చేప ఎక్కడైనా చేపే."

పదుమూడేండ్లలోపు పిల్లలు కదులుచున్న చిన్న పడవలో లైఫ్ జాకెట్టు తొడుగుకొని తీరవలెనని టెక్సస్ చట్టము. కాబట్టి పిల్లలు తొడుగుకొనిరి. అక్కయు తొడుగుకొనెను. బావగారు తమదానిని మడిచి కూర్చుండు బల్లక్రింద పెట్టిరి. ఆయనను చూచి నేనును అట్లే చేసితిని. ఈ తప్పు నాదని ఒప్పుకొనుచున్నాను.

మధ్యాహ్నమువరకు ఒక్క చేపయు పడలేదు. ఇంటి జలాశయమున ఆయనకు కలిసివచ్చిన ఎరలన్నియు వేసిచూచిరి. చివరకు దూరమున నున్న ఒక నీటిపాయకు అడ్డదారిన పోవుటకు పడవను త్రిప్పిరి. అప్పుడు పిల్లవాడు, "నాన్నా, గుర్తులు అటు ఉన్నాయి. మనం దారి తప్పుతున్నాం" అనెను. బావగారు వెనుకకు చూడకయే, "నువ్వు నాకు నేర్పుతావా? కూర్చో" అనిరి. పిల్లవాడు కూర్చుండెను.

మరుక్షణమే నీటిలోని మోడునకు పడవ కొట్టుకొనెను. అందరము ముందునకు పడితిమి. చిన్నదాని పెదవి బల్లకు తగిలి రక్తము కారెను. మోటారు వెనుకనున్న రెక్కలు విరిగిపోయెను. వేగము అంతగా లేదు గనుక ఎవరును నీటిలో పడలేదు. ఫోను అందలేదు. ఒక గంట గడచిన తరువాత ఉత్తరపు గాలి లేచినది, ఆకాశము నల్లబడినది, పడవ మోడుల నడుమ ఊగసాగినది. అప్పుడు బావగారును నేనును బల్లక్రింద వెదకి జాకెట్లు తొడుగుకొంటిమి. అక్క పిల్లలిద్దరిని దగ్గరకు తీసికొని మాట్లాడక కూర్చుండెను.

వాన పడుటకు ముందు ఒక ముసలివాడు చిన్న పడవలో, మోడులను తప్పించుకొనుచు నెమ్మదిగా వచ్చి, త్రాడు విసరి, మమ్ములను రేవునకు లాగుకొనిపోయెను. ఒడ్డున దిగిన తరువాత అతడు అడిగినది ఒకే ప్రశ్న: ఇటు రమ్మని మీకు ఎవరు చెప్పిరి? ఎవరును చెప్పలేదని బావగారు తల వంచుకొనిరి. "నేను ముప్పది ఏండ్లనుండి ఇక్కడ గాలము వేయుచున్నాను. నీరు తగ్గినప్పుడెల్ల మరల అడిగియే పోవుదును" అని ఆ ముసలివాడు చెప్పెను. కూలి ఇవ్వబోగా పుచ్చుకొనలేదు.

ఆ రాత్రి భోజనముల దగ్గర అక్క, "చేపలు పడకపోతే పోయె. పిల్లవాడు చెప్పింది వినలేదు చూడండి, అదే నా బాధ" అనెను. బావగారు బదులు చెప్పలేదు. మరునాటి ఉదయము ఆయన కుమారుని పిలిచి, నా యెదుటనే, "నిన్న నువ్వు చెప్పిందే నిజం. నేను వినలేదు. తప్పు నాది" అనిరి. పిల్లవాడు కొంతసేపు నేల చూచి, "మళ్ళీ వెళ్దామా నాన్నా?" అని అడిగెను.

రెండు వారములు గడచిన తరువాత మరల పోతిమి. ఆ నడిమి దినములలో తండ్రియు కుమారుడును కూర్చుండి నేర్చుకొన్న సంగతులను క్రింద వ్రాయుచున్నాను. అవి బాస్ పట్టువారికి మాత్రమే గాక, కుటుంబముతో క్రొత్త నీటికి పోవు ప్రతివానికి పనికివచ్చును.

3. నీటి క్రింద పాత నేల యున్నది

జలాశయము మనుష్యుడు కట్టినది. దాని క్రింద ఒకప్పటి పల్లెసీమ అట్లే యున్నది. మన నాగార్జునసాగరము క్రింద పురాతనమైన నాగార్జునకొండ లోయ మునిగియుండుట అందరు ఎరిగినదే. అట్లే లేక్ ఫోర్క్ క్రిందను పాత వాగు, దాని గట్లు, బండిబాటలు, మెరకలు, చెట్లు ఉన్నవి. పైన నీరు ఒకే పళ్ళెము వలె కనబడును గాని, క్రింద చేప ఆ పాత బాటలనే పట్టుకొని తిరుగును. లోతునుండి మెరకకు వచ్చునప్పుడు వాగు గట్టు వెంబడి వచ్చును, మరలునప్పుడు ఆ దారినే మరలును.

ఈ సంగతిని జనులకు బోధించినవారిలో ఉత్తర కరోలినా రాష్ట్రపు బక్ పెర్రీ ముఖ్యుడు. ఒడ్డు చూచి గాలము వేయుట మాని, అడుగు నేల యొక్క ఆకారమును చూచి వేయవలెనని ఆయన నేర్పెను. తరువాత 1959లో కార్ల్ లోరెన్స్ అనునతడు శబ్దతరంగములను నీటిలోనికి పంపి లోతును తెలుపు చిన్న యంత్రమును గాలపువారికొరకు అమ్మకమునకు తెచ్చెను. ఇప్పుడు అట్టి యంత్రములు అనేకము. అయినను మొదటి సాధనము పటమే. పటములో గీతలు దగ్గరదగ్గరగా నున్నచోట నేల నిట్రముగా దిగును. గీతలు నాలుక వలె నీటిలోనికి చొచ్చుకొనివచ్చిన చోట మెరక యుండును. వాగు ఆ మెరకను ఒరసికొని పోయినచోట చేప నిలుచుట కలదు.

బావగారు పటమును భోజనపు బల్లమీద పరచి పిల్లవానిచేత వాగును నీలి పెన్సిలుతో గీయించిరి. మా పడవ తగిలిన చోటును పిల్లవాడే కనుగొనెను. అది పాత వాగు గట్టుమీది చెట్ల వరుస.

4. అడుగుటకు సిగ్గుపడరాదు

క్రొత్త చోట ఎర అమ్ము దుకాణదారుడును, రేవు కావలివాడును, ఒడ్డున కూర్చుండు ముసలివారును మనకు గురువులు. అయితే అడుగుటలోను క్రమము గలదు. చేపలు ఎక్కడ పడుచున్నవని మొదటనే అడుగరాదు. ఏ చోటికి పోరాదు, నీరు ఎంత తగ్గినది, గాలి లేచినయెడల ఏ ప్రక్క ఆశ్రయము దొరకును అని ముందుగా అడుగవలెను. ఆ తరువాత ఎంత లోతున, ఏ ఎరకు, ఏ వేళ చేప పడుచున్నదని అడుగవచ్చును. అడిగిన దుకాణములో కొంచెమైనను కొనుట మర్యాద.

మేము అడిగిన దుకాణదారుడు ప్లాస్టికు వానపామును చూపెను. దీనిని 1949లో ఒహాయో రాష్ట్రపు ఆక్రన్ పట్టణమున నిక్ క్రీమ్ అనునతడు మొదట చేసెనని చెప్పుదురు. తూటా ఆకారముగల చిన్న సీసపు గుండును దారమునకు ఎక్కించి, గాలపు మొనను ఆ మెత్తని వానపాములోనే దాచి వేయుదురు. మొన పైకి లేనందున అది మోడులకును నాచుకును తగులుకొనదు. దీనికి టెక్సస్ కట్టు అని పేరు. మోడులతో నిండిన నీటికి తగిన పనిముట్టు ఇది. ఇంటి దగ్గర బావగారు వాడు ఎరలు మూడేసి గాలములు వ్రేలాడునవి. మొదటి ప్రయాణమున అవి కొమ్మలకు తగులుకొని ఎన్ని తెగిపోయినవో మేమెరుగుదుము.

5. కాలమును, గాలిని, నీటి రంగును చూడవలెను

వసంతకాలమున బాస్ గూళ్ళకొరకు లోతు తక్కువ నీటికి వచ్చును. వేసవి ముదిరినప్పుడు ఉదయ సాయంకాలములు ఒడ్డు దగ్గరను, పగలు లోతునను ఉండును. అయితే వేసవిలో అనేక జలాశయములలో మిక్కిలి లోతున ప్రాణవాయువు చాలదు గనుక అడుగంటవరకు పోదు. శరదృతువున చిన్న చేపల గుంపులు నీటిపాయలలోనికి పోగా వాటి వెంట బాసును పోవును. శీతకాలమున నెమ్మదిగా కదలును, కొంచెమే తినును. అప్పుడు ఎరను మిక్కిలి మెల్లగా లాగవలెను.

తేటనీటిలో సహజమైన రంగుగల చిన్న ఎరలును, బురదనీటిలో నల్లనివి గాని అదురుచు శబ్దముచేయునవి గాని మేలు. గాలి కొట్టుచున్న ఒడ్డుకు చిన్న జీవులును, వాని వెంట చేపలును చేరును. అయితే పిల్లలున్న పడవకు ఆ ఒడ్డు తగదు. చేపకు మంచిచోటును కుటుంబమునకు మంచిచోటును వేరైనప్పుడు రెండవదానినే కోరుకొనవలెను.

ఆకాశమును గూర్చి ఒక మాట. తూర్పు టెక్సస్‌లో వసంతకాలపు మధ్యాహ్నములయందు ఉరుములతో గాలివానలు అకస్మాత్తుగా లేచును. ఉరుము వినబడినప్పుడు గాలపు కఱ్ఱను దించి ఒడ్డు చేరవలెను. ఇంకొక్కసారి వేసి పోవుదము అనుమాట అప్పుడు పనికిరాదు. ఎక్కడికి పోవుచున్నామో, ఎన్ని గంటలకు మరలుదుమో ఒడ్డుననున్న ఒకరితో చెప్పిపోవలెను. నడుపువాని ఒంటికి ఒక త్రాడు తగిలించి, అతడు పడిపోయిన వెంటనే మోటారు ఆగిపోవునట్లు చేయు సాధనము గలదు. చిన్న పడవలు వేగముగా పోవునప్పుడు దానిని తగిలించుకొనవలెనని 2021 ఏప్రిల్ 1 నుండి ఆ దేశమున చట్టమైనది. మొదటి ప్రయాణమున మా పడవలో ఆ త్రాడు ఊరకనే వ్రేలాడుచుండెను.

6. ఆ ఊరి నియమము మన నియమము

టెక్సస్‌లో పదునేడేండ్లు నిండినవారు లైసెన్సు లేక చేప పట్టరాదు. ఒక దినమునకు మాత్రము చెల్లు లైసెన్సు కూడ దొరకును. నాకు అట్టిదే కొనిరి. అదియుగాక ఒక్కొక్క జలాశయమునకు ప్రత్యేక నియమములుండును. లేక్ ఫోర్క్‌లో 16 అంగుళములకు మించి 24 అంగుళములకు లోబడిన బాసును ఇంటికి కొనిపోరాదు, అచ్చటనే విడిచిపెట్టవలెను. పిల్లలుపెట్టు ప్రాయపు చేపలు మిగిలి, వాటిలో కొన్ని మిక్కిలి పెద్దవగుటకు ఈ కట్టడి చేసిరి. ఇట్టి నియమములు మారుచుండును గనుక పోవు ప్రతిసారి చూచుకొనవలెను.

విడిచిపెట్టుటకును పద్ధతి గలదు. చేతులు తడిపి పట్టుకొనవలెను. పొడిచేతులవలన చేప ఒంటిమీది జిగురు పోయి దానికి తెగులు రావచ్చును. పెద్ద చేపను దవడ ఒక్కటే పట్టి వ్రేలాడదీయక, రెండవ చేయి కడుపు క్రింద ఆనించవలెను. నీటి వెలుపల ఎక్కువసేపు ఉంచరాదు.

ఇంకొక సంగతి. ఒక జలాశయపు నీటిని పడవలో నింపుకొని మరియొకదానికి పోరాదు. చారల చిన్న ఆల్చిప్పలు కొన్ని పరదేశమునుండి వచ్చి ఆ దేశపు సరస్సులను పాడుచేయుచున్నవి. 2009లో అవి టెక్సస్‌లోని టెక్సోమా సరస్సులో కనబడెను. కంటికి కనబడని వాటి పిల్లలు పడవ అడుగున నిలిచిన నీటిలో ప్రయాణము చేయును. అందుచేత రేవునుండి పోవునప్పుడు పడవను శుభ్రపరచి, నీరంతయు పారబోసి, ఆరబెట్టవలెను. మనము వెళ్ళిన చోటునకు మనవలన హాని కలుగరాదు.

7. పిల్లల కొలత వేరు

పెద్దవారికి దినమంతయు కూర్చుండుట వేడుక. పిల్లలకు రెండు గంటలే ఎక్కువ. వారిని వెంటబెట్టుకొని పోవువాడు పెద్ద చేపపై ఆశ కొంత తగ్గించుకొనవలెను. మొదట ఒడ్డుననే కూర్చుండబెట్టి, చిన్న గాలమునకు వానపామును గ్రుచ్చి, బెండు కట్టి ఇయ్యవలెను. బాసుకు చుట్టమైన బ్లూగిల్ అను అరచేతియంత చేప అక్కడ ఒడ్డు దగ్గరనే పడును. గాలపు ముల్లును కొరకంచుతో నొక్కివేసినయెడల, ప్రమాదమున చేతికి గుచ్చుకొన్నను సులువుగా వచ్చును. టోపీ, త్రాగునీరు, తినుటకేదైనను మరువరాదు. పిల్లలకు ఏదో యొక పని అప్పగించవలెను. ఊరక కూర్చుండు పిల్లవానికి విసుగు పుట్టును. పని గలవాడు తానును పడవవాడనని తలంచుకొనును.

8. రెండవ ప్రయాణము

మే నెల మొదట మరల ఆ రేవుననే దిగితిమి. అందరము జాకెట్లు తొడుగుకొంటిమి. బావగారు త్రాడును నడుమునకు తగిలించుకొనిరి. మొదటి రెండు గంటలు ఒడ్డుననే గడపితిమి. చిన్నది బెండు మునిగినప్పుడెల్ల కేకలువేయుచు ఆరు బ్లూగిల్ చేపలు పట్టెను.

తరువాత పడవ ఎక్కితిమి. పిల్లవాడు ముందు కూర్చుండి పటము ఒడిలో పెట్టుకొని, "కుడివైపు గుర్తు నాన్నా, నెమ్మది" అని చెప్పుచుండెను. బావగారు ప్రతిసారి "సరే" అనుచు నడిపిరి. గాలి తగలని ఒక నీటిపాయలో, వాగు మెరకను ఒరసిన చోట నిలిచితిమి. అరగంట గడచెను. పిల్లవాని కఱ్ఱ వంగినది. తండ్రి చేయి చాచెను గాని పట్టుకొనలేదు. పిల్లవాడే తెచ్చెను. కొలువగా పందొమ్మిది అంగుళములు.

"అమ్మ పులుసు పెడుతుంది" అని చిన్నది చప్పట్లు కొట్టెను. పిల్లవాడు తండ్రి ముఖము చూచెను. చుట్టుపట్ల మరియొక పడవ లేదు. బావగారు ఏమియు ఆజ్ఞాపింపక, "నియమం నీకు తెలుసు కదరా" అని మాత్రము అనిరి. పిల్లవాడు కొంచెము సేపు ఊరకుండి, చేతులు తడిపి చేపను నీటిలో పట్టుకొనెను. అది ఒక్కసారి తోక ఆడించి పోయినది. పిల్లవాని కన్నులలో నీరు నిలిచెను గాని అతడు నవ్వెను. ఆ సాయంకాలము మా భోజనము చిన్నది పట్టిన బ్లూగిల్ చేపల వేపుడు.

ఆ ముసలివాడు మరల కనబడునేమోనని బావగారు రేవులో చాలసేపు చూచిరి. కనబడలేదు. దుకాణదారుని దగ్గర ఒక చీటి వ్రాసియుంచి వచ్చిరి. అందులో ఇట్లున్నది: ఈసారి అడిగి వెళ్ళితిమి.

9. ముగింపు

చేపలను గూర్చి మాట్లాడునప్పుడు గలిలయ సరస్సు మనకు జ్ఞాపకము రాకమానదు. అది సుమారు 21 కిలోమీటర్ల పొడవు, 13 కిలోమీటర్ల వెడల్పు గలది. సముద్రమట్టమునకు 200 మీటర్లకు పైగా క్రిందనున్నందున చుట్టునున్న కొండల గాలి దానిమీద ఒక్కసారిగా దిగును. సీమోను ఆ నీటిమీదనే జీవనము చేసినవాడు, దానిని క్షుణ్ణముగా ఎరిగినవాడు. లూకా సువార్త 5వ అధ్యాయములో రాత్రియంతయు ప్రయాసపడి ఏమియు దొరకక వలలు కడుగుచున్న ఆ నేర్పరికి, మరల లోతునకు పొమ్మని మాట వచ్చినది. అనుభవము గల చేపలవాడు ఆ మాటకు చెవియొగ్గుట సులువు కాదు. అయినను అతడు చెవియొగ్గెను. ఎరిగిన నీటిమీదనే వినవలసి వచ్చినప్పుడు ఎరుగని నీటిమీద ఎంత ఎక్కువగా వినవలెను!

మనలో ప్రతి కుటుంబ యజమానియు ఏదో ఒకనాడు తనవారిని ఎరుగని నీటికి కొనిపోవలసియుండును. అది క్రొత్త ఊరు కావచ్చును, క్రొత్త పని కావచ్చును. ఆ దినమున తన పాత నేర్పును నమ్మి "నీళ్ళు ఎక్కడైనా నీళ్ళే" అనువాడు తనవారిని మోడులమీదికి నడుపును. "నాకు తెలియదు, చెప్పుడి" అనువాడు గౌరవమును పోగొట్టుకొనడు. బావగారి గౌరవము ఆయన ఇంటిలో తగ్గలేదు. ఆ ఉదయము కుమారుని యెదుట తప్పు ఒప్పుకొన్ననాటినుండి అది పెరిగెనని అక్క నాకు వ్రాసినది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీరు కుటుంబముతో ఎరుగని చోటికి పోయినప్పుడు మొదట ఎవరిని అడుగుదురు? ఏమి అడుగుదురు?

2. మీ ఇంటిలో చిన్నవారు హెచ్చరిక చెప్పినప్పుడు దానికి చోటు కలదా? ఇటీవల మీరు వినక విడిచిన మాట ఏది?

3. చూచువారెవరును లేనిచోట నియమమును గైకొనుట పిల్లలు ఎవరిని చూచి నేర్చుకొందురు?

4. మీరు ఒప్పుకొనవలసిన తప్పు ఏదైనను మీ పిల్లల యెదుట మిగిలియున్నదా? దానిని ఈ వారములోనే ఒప్పుకొనుడి.